అద్దం ముందు అరగంట: మీ ముఖ కండరాలను మీరే వెతికి పట్టుకోవడం ఎలా

అంబాజీపేట అవతల ఒక పల్లె నుంచి పెద్దావిడ ఒకరు కోడలిని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. కొంగు మూతికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. పొద్దున్నే పళ్ళు తోముకుని పుక్కిలిస్తుంటే నీళ్ళు ఎడమ పక్క నుంచి కారిపోయాయట. "గాలి కొట్టిందన్నారండి. అదే తగ్గిపోద్దిలే అని ఊరుకున్నాం" అంది కోడలు. అప్పటికే తొమ్మిది రోజులైంది. "కనుబొమలు పైకెత్తండమ్మా" అన్నాను. నుదురు కుడి సగం ముడతలు పడింది. ఎడమ సగం ఇస్త్రీ చేసిన గుడ్డలా అలాగే ఉండిపోయింది. చేతికి అద్దం ఇచ్చాను. ఆవిడ చాలాసేపు చూసుకుని, "నుదురుక్కూడా కదలిక ఉంటదని నాకు ఇన్నాళ్ళూ తెలీదండి" అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. రోజుకి నాలుగుసార్లు అద్దం చూసుకుంటాం. బొట్టు సరిగ్గా ఉందా, గడ్డం నున్నగా వచ్చిందా అని చూస్తాం. ముఖం ఎలా కదులుతోందో మాత్రం చూడం. ఫిజియోథెరపిస్టుగా కోనసీమలో ఏళ్ళ తరబడి పనిచేస్తూ నేను గమనించింది ఇదే: తన ముఖం బాగున్న రోజున ఎలా కదిలిందో తెలిసినవాళ్ళు, అది తేడా చేసిన రోజున గంటల్లో గుర్తుపడతారు. తెలియనివాళ్ళకి రోజులు గడిచిపోతాయి.

అందుకే ఈ పద్ధతి రాస్తున్నాను. పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. ఒక చేతి అద్దం, కిటికీ పక్కన కుర్చీ, గ్లాసుడు నీళ్ళు, శుభ్రంగా కడుక్కున్న చేతులు, ఒక అరగంట చాలు. వెలుతురు ఎదురుగా పడాలి. పక్క నుంచి పడితే ఒక చెంప మీద నీడ వచ్చి, లేని తేడా ఉన్నట్టు కనబడుతుంది. కళ్ళజోడు తీసేయండి, జుట్టు నుదుటి మీద నుంచి వెనక్కి దువ్వండి.

ముందుగా ఒక్కసారి పిక్క పట్టుకోండి

ముఖం జోలికి వెళ్ళే ముందు మామూలు కండ ఎలా పనిచేస్తుందో చేత్తో తెలుసుకోవాలి. కుర్చీలో కూర్చుని పిక్కని గుప్పిట పట్టుకుని, మడమ పైకెత్తండి. పిక్క గట్టిపడి పైకి జరుగుతుంది. అక్కడి నుంచి వేళ్ళు కిందికి జారిస్తే మడమ వెనక తాడులాంటి గట్టి నరం తగులుతుంది. మనం మాటవరసకి నరం అంటాం గానీ అది కండని ఎముకకి కట్టే బంధనం. కొబ్బరి దింపే మనిషి చెట్టెక్కుతుంటే పిక్కలు ఉండలు కట్టి కనబడేది ఇదే.

ఒంట్లో మనం అనుకున్నప్పుడు కదిలే కండరాలు 600కి పైగా ఉన్నాయి. వాటన్నిటికీ ఒకటే విద్య వచ్చు: లాగడం. ఏ కండా నెట్టలేదు. అందుకే మోచెయ్యి మడవడానికి జబ్బ ముందు ఒక కండ, చాపడానికి వెనక మరొకటి ఉంటాయి.

లాగడం లోపల ఎలా జరుగుతుందంటే, కండ పోగులో రెండు రకాల సన్నటి ప్రొటీన్ దారాలుంటాయి, ఆక్టిన్, మయోసిన్ అని. మెదడు ఆజ్ఞని కండకి మోసుకొచ్చే నాడి చివర నుంచి ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది. దాంతో పోగు లోపల కాల్షియం బయటికొస్తుంది. అప్పుడు మయోసిన్ తలలు ఆక్టిన్ దారాన్ని పట్టుకుని లాగి, వదిలి, మళ్ళీ ముందుకెళ్ళి పట్టుకుంటాయి. తీరంలో అలివి వల లాగేవాళ్ళు చెయ్యి మార్చి చెయ్యి వేస్తూ తాడు లాగుతారు చూడండి, అచ్చం అలాగే. వల కొంచెం కొంచెంగానే జరుగుతుంది, కానీ అన్ని చేతులూ కలిస్తే ఒడ్డుకు వచ్చేస్తుంది.

ఇక ముఖంలో ప్రత్యేకత ఏమిటో చూడండి. పిక్క రెండు చివరలూ ఎముకకే. ముఖ కండరాల్లో చాలావాటికి ఒక చివర ఎముక, రెండో చివర చర్మం. మధ్యలో కీలు లేదు. అందుకే అవి లాగితే ఎముక కదలదు, తోలు కదులుతుంది. కాకినాడ దగ్గర మాధవపట్నం తోలుబొమ్మల్లో చేతులు కదులుతాయి, తల ఊగుతుంది, ముఖం మాత్రం గీసిన దగ్గరే ఉంటుంది. కీలు కట్టిన చోటే బొమ్మకి కదలిక. మనకి దారాలు చర్మం అడుగునే కుట్టి ఉన్నాయి కాబట్టే మాట్లాడకుండానే ఇంతింత చెప్పగలుగుతున్నాం.

మొదటి మెట్టు: నమిలే కండని పక్కన పెట్టండి

రెండు అరచేతులూ దవడ మూలల మీద, చెవి తమ్మెకి కిందుగా పెట్టి పళ్ళు బిగించండి. చేతుల కింద ఉండలా లేస్తుంది. అది మసెటర్. ఇప్పుడు వేళ్ళు కణతల మీద పెట్టి మళ్ళీ బిగించండి. అక్కడా కదులుతుంది, అది టెంపొరాలిస్. ఇవి దవడ ఎముకని లాగే కండరాలు. వీటికి ఆజ్ఞ ఇచ్చేది ఐదో కపాల నాడి, అంటే మెదడు నుంచి నేరుగా వచ్చే నాడుల్లో ఐదోది. నవ్వుకీ కోపానికీ రెప్ప వాల్చడానికీ ఆజ్ఞ ఇచ్చేది ఏడోది, ముఖ నాడి.

ఈ తేడా ఎందుకు పట్టుకోవాలంటే, మూతి పక్కకి లాగేసినవాళ్ళని "బాగా నములు, కండకి బలం వస్తుంది" అని చూయింగ్ గమ్ నమిలిస్తుంటారు. పడిపోయింది ఏడో నాడి, పని చేయిస్తున్నది ఐదో నాడితో. చేను ఒకటైతే నీళ్ళు ఇంకో చేనుకి పెట్టినట్టు.

రెండో మెట్టు: నుదురు

ఆశ్చర్యపోయినట్టు కనుబొమలు పైకెత్తండి. అడ్డంగా గీతలు పడతాయి. వాటిని లేపింది ఫ్రంటాలిస్, నుదుటి చర్మం కింద నిలువుగా పరుచుకున్న పలచటి కండ. కండ నిలువుగా ఉంటే ముడత అడ్డంగా ఎందుకు పడింది? లంగా బొందు లాగి చూడండి. బొందు అడ్డంగా ఉంటుంది, కుచ్చులు నిలువుగా పడతాయి. ముఖమంతా ఇదే సూత్రం: కండ ఎటు లాగుతుందో దానికి అడ్డంగా ముడత పడుతుంది. ఇది ఒక్కటి గుర్తుంటే ముఖం మీద గీతలు చూసి లోపలి కండ ఎటు ఉందో చెప్పేయొచ్చు.

ఇప్పుడు ఎండలో దూరంగా వచ్చే బస్సు బోర్డు చదువుతున్నట్టు బొమలు దగ్గరికి ముడవండి. బొమల మధ్య నిలువు గీతలు వచ్చాయంటే అక్కడి కండ అడ్డంగా లాగుతోందన్నమాట. దాని పేరు కరుగేటర్. ముక్కు మొదట్లో అడ్డగీత ఒకటి పడితే అది ప్రోసిరస్ అనే చిన్న కండ పని.

అద్దంలో చూడాల్సింది రెండు వైపుల పోలిక. గీతలు కుడి ఎడమల్లో దాదాపు ఒకే ఎత్తున ఉన్నాయా? కొద్దిపాటి తేడా అందరికీ ఉంటుంది. ఒక బొమ మాత్రమే ఎత్తగలిగేవాళ్ళూ ఉంటారు. మీది ఎలా ఉందో గుర్తు పెట్టుకోండి చాలు.

మూడో మెట్టు: కన్ను

నిద్రకి మూసుకున్నట్టు మెల్లిగా కళ్ళు మూయండి. రెప్పలు తప్ప ఏమీ కదలవు. ఇప్పుడు కళ్ళంలో నూర్పిడి దుమ్ము ఎగిసినప్పటిలా గట్టిగా మూయండి. చెంపలు పైకొస్తాయి, బొమలు కిందికి దిగుతాయి, కంటి కొసన గీతలు విచ్చుకుంటాయి. రెండు పనులూ చేసింది ఒకే కండ, ఆర్బిక్యులారిస్ ఆక్యులై. కంటి చుట్టూ గాజులా ఉంటుంది. రెప్ప లోపలి భాగం మెల్లగా మూయడానికి, బయటి భాగం బిగించడానికి. గట్టిగా మూసినప్పుడు రెప్ప వెంట్రుకలు రెండు కళ్ళకీ ఒకేలా లోపలికి మునిగాయా లేదా అని ఇంట్లోవాళ్ళని చూడమనండి.

చాలామంది పొరబడేది ఇక్కడే. కన్ను మూసేది ముఖ నాడి. పై రెప్పని ఎత్తేది మాత్రం వేరే కండ, దానికి ఆజ్ఞ మూడో కపాల నాడి నుంచి వస్తుంది. కాబట్టి ముఖ నాడి దెబ్బతింటే కన్ను వాలిపోదు, తెరుచుకునే ఉండిపోతుంది. రెప్ప వాలిపోయి కన్ను తెరవలేకపోతే అది వేరే జబ్బు, దాని దారి వేరు. డాక్టరుకి ఫోనులో చెప్పేటప్పుడు "కన్ను మూతపడటం లేదు" అనాలా, "కన్ను తెరవలేకపోతున్నారు" అనాలా అన్నది చాలా పెద్ద తేడా.

నాలుగో మెట్టు: చెంప, మూతి

ఇక్కడ తొందరపడొద్దు. చూపుడు వేలు నోట్లో పెట్టి, బొటనవేలు బయట ఉంచి, మూతి కొసకి కాస్త పక్కగా చెంపని రెండు వేళ్ళ మధ్య మెల్లిగా నలపండి. చిన్న ముడిలాంటిది తగులుతుంది. దాన్ని మోడియోలస్ అంటారు. వలలో తాళ్ళన్నీ ఒక ముడికి చేరినట్టు మూతి కండరాలు చాలావరకు ఇక్కడికే చేరతాయి. పై నుంచి బుగ్గ ఎముక దగ్గర బయలుదేరిన జైగోమాటికస్ మేజర్ వచ్చి తగులుతుంది, నవ్వుకి మూతి కొసని పైకి లాగేది అదే. కింద దవడ నుంచి వచ్చేది మూతి కొసని కిందికి లాగి ఏడుపు ముఖం పెట్టిస్తుంది. పక్క నుంచి బక్సినేటర్. పెదాల చుట్టూ ఆర్బిక్యులారిస్ ఓరిస్. ఏ తాడు ఎంత లాగితే ముడి అటు జరుగుతుంది. ఒక పక్క తాళ్ళన్నీ తెగితే? రెండో పక్కవి ఎదురులేక మూతిని తమవైపు ఈడ్చుకుపోతాయి. అందుకే మూతి ఎటు వంకర పోయిందో అటు జబ్బు ఉందని అందరూ అనుకుంటారు, నిజానికి పడిపోయింది రెండో పక్క.

ముడి మీద వేళ్ళు అలాగే ఉంచి నవ్వండి, మూతి సున్నా చుట్టండి, మూతి వాల్చండి. ముడి ఎటెటు వెళ్తోందో వేళ్ళకే తెలుస్తుంది. ఈ ఒక్క పని చేస్తే బొమ్మల పుస్తకం పది పేజీలు చదివినంత.

నవ్వు గురించి ఒక మాట. ఫ్రాన్స్‌కి చెందిన డాక్టరు డ్యుషెన్ కరెంటుతో ఒక్కొక్క ముఖ కండనీ కదిలించి ఫొటోలు తీయించి 1862లో ప్రచురించాడు. మూతి కొసలు పైకెత్తే కండ అనుకుంటే కదులుతుంది, కంటి చుట్టూ ఉన్న కండ మాత్రం మనసారా నవ్వినప్పుడు కలిసొస్తుంది అని ఆయన గమనించాడు. పెళ్ళి ఫొటోలో ఫొటోగ్రాఫర్ కోసం నవ్విన నవ్వుకీ, పక్కన మేనత్త ఏదో అంటే పగలబడి నవ్విన నవ్వుకీ తేడా కళ్ళ దగ్గర దొరుకుతుంది. అయితే దీన్ని పట్టుకుని ఎదుటివాళ్ళ నవ్వు అబద్ధమని తేల్చేయకండి. కంటి కండని కావాలని కదిలించగలవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఇక బక్సినేటర్. ముఖ కండరాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. చెంప లోపలి గోడ ఇది. లాటిన్‌లో ఆ పేరుకి బూర ఊదేవాడని అర్థం. గుడి దగ్గర నాదస్వరం ఊదే ఆయన చెంపల్ని ఈసారి దగ్గరగా చూడండి. గాలితో ఉబ్బిన చెంపని లోపలికి నొక్కి గాలి సన్నగా, ఆగకుండా వెళ్ళేలా పట్టి ఉంచేది ఈ గోడే.

కానీ దాని రోజువారీ కూలి వేరు. అన్నం నములుతుంటే మెతుకులు చెంపలోకి జారిపోకుండా పళ్ళ మీదికి నెడుతూ ఉండటం. పులస పులుసు తినేటప్పుడు గమనించండి. నాలుక ముక్కని ఒక పక్కకి తోస్తుంది, చెంప దాన్ని తిరిగి పళ్ళ దగ్గరికి ఒత్తుతుంది, సన్నటి ముల్లు ఒకటి పెదాల దాకా వస్తుంది, పెదాలు దాన్ని వేళ్ళకి అందిస్తాయి. చూపు లేదు, వెలుతురు లేదు, అంతా కండరాల పనితనం. మొదట్లో చెప్పిన పెద్దావిడ మూతి వంకర కంటే ఎక్కువ బాధపడింది దీని గురించే. అన్నం చెంపలో ఉండ కట్టుకుపోతే ప్రతి ముద్దకీ వేలు పెట్టి తీసుకోవాల్సి వస్తోందని, నలుగురిలో కూర్చుని తినడం మానేశారు.

పరీక్ష తేలికే. నోటి నిండా గాలి పట్టి పెదాలు మూసి, రెండు చెంపల మీదా వేలితో మెల్లిగా తట్టండి. గాలి ఏ పక్కనా తప్పించుకోకూడదు. తర్వాత గుక్కెడు నీళ్ళు పట్టి కుడి చెంపలోంచి ఎడమకీ, ఎడమలోంచి కుడికీ పుక్కిలించండి. ఆ తర్వాత అద్దంలో చూస్తూ "పప్పు, బొబ్బట్టు, మామిడి" అని మెల్లిగా పలకండి. ప, బ, మ మూడూ పెదాలు కలిస్తేనే పుట్టే అక్షరాలు, కలిసిన గీత తిన్నగా ఉందో లేదో చూడండి. "ఈ" అంటే మూతి వెడల్పవుతుంది, "ఊ" అంటే సున్నా చుడుతుంది. ఈ రెండూ పది సార్లు మార్చి మార్చి పలికితే మూతి కండరాలన్నీ ఒకసారి హాజరు వేయించుకున్నట్టే.

ఐదో మెట్టు: గడ్డం, మెడ

ఇది నిమిషం పని. కింది పెదవిని పైకి నెట్టి మూతి ముడిస్తే గడ్డం మీద కమలాపండు తొక్కలా గుంటలు పడతాయి, అది మెంటాలిస్. పళ్ళు కనిపించేలా కింది పెదవిని కిందికి లాగి బిగిస్తే మెడ మీద నిలువు తాళ్ళు లేస్తాయి, అది ప్లాటిస్మా. ఆత్రేయపురం పూతరేకులా పలచగా దవడ నుంచి ఛాతీ పైభాగం దాకా పరుచుకుని ఉంటుంది.

ఆరో మెట్టు: కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ చీలుతుంది

కుడి అరచేతి మడమని కుడి చెవి తమ్మె దగ్గర ఆనించి, వేళ్ళు ముఖం మీద విసనకర్రలా పరవండి. బొటనవేలు కణత వైపు, చూపుడు వేలు కంటి వైపు, మధ్య వేలు చెంప మీద, ఉంగరపు వేలు దవడ అంచున, చిటికెన వేలు మెడ మీదికి. ముఖ నాడి ఐదు పాయలూ దాదాపు ఇలాగే వెళ్తాయి. చెవి వెనక ఎముకలోని సన్నటి సొరంగంలోంచి బయటపడి, చెవి ముందున్న లాలాజల గ్రంథిలో దూరి, అక్కడ చీలుతుంది.

గోదావరి జిల్లాలవాళ్ళకి దీన్ని వేరేగా వివరించక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల్లోకి వెళ్ళి, అక్కడి నుంచి పాయలుగా చీలి చేలకి చేరతాయి. శివారులో ఒక పిల్లకాలువ పూడిపోతే ఒక్క చేను ఎండుతుంది. హెడ్ లాకుల దగ్గరే మూసుకుపోతే ఆ కాలువ కింద ఆయకట్టంతా ఎండిపోతుంది. ముఖ నాడి ఎముక సొరంగంలో వాచి నొక్కుకుపోతే జరిగేది ఈ రెండోదే. నుదురు, కన్ను, చెంప, మూతి అన్నీ ఒకే పక్కన ఒకేసారి పడిపోతాయి. దీన్నే బెల్స్ పాల్సీ అంటారు, స్కాట్లాండ్‌లో పుట్టిన సర్జన్ చార్లెస్ బెల్ పేరు మీద.

పక్షవాతంలో తేడా ఎక్కడంటే, అక్కడ అడ్డు పడేది లాకులకి చాలా పైన, మెదడులో. నుదుటి కండకి మెదడు రెండు సగాల నుంచీ ఆజ్ఞలు అందుతాయి, రెండు కాలువల కింద ఉన్న చేనులా. ఒకటి ఆగినా రెండోది తడుపుతుంది. మూతి చుట్టూ ఉన్న భాగానికి ప్రధానంగా ఎదురు సగం నుంచే వస్తుంది. అందుకే పక్షవాతంలో సాధారణంగా మూతి వంకర పోయినా నుదురు ముడతలు పడుతుంది. బెల్స్ పాల్సీలో నుదురు కూడా ముడతలు పడదు. నా గదిలోకి వచ్చినవాళ్ళని నేను మొట్టమొదట కనుబొమలు ఎత్తమనేది ఇందుకే.

అయినా ఇంట్లో కూర్చుని మీరే తేల్చుకోవద్దు. నుదురు కదలకపోయినా మెదడులో కారణం ఉండే సందర్భాలు లేకపోలేదు. మూతి హఠాత్తుగా పక్కకి పోయిందా, వెంటనే రెండు చేతులూ ముందుకి చాపమనండి, ఒక వాక్యం చెప్పించండి. చెయ్యి వాలినా, మాట ముద్దగా వచ్చినా, నడక తూలినా 108కి ఫోన్ చేయండి. మెదడులో అడ్డుపడ్డ నెత్తురు గడ్డని కరిగించే ఇంజెక్షన్‌కి లక్షణాలు మొదలైనప్పటి నుంచి సాధారణంగా 4.5 గంటలే గడువు. లంక గ్రామాల్లో ఉన్నవాళ్ళకి పడవ దాటి రోడ్డెక్కే సమయం కూడా అందులోదే. అవేవీ లేకుండా ముఖం మాత్రమే పడినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఏడో మెట్టు: ఒకవేళ పడిపోతే

బెల్స్ పాల్సీ అని డాక్టరు తేలిస్తే, వాపు తగ్గించే స్టెరాయిడ్ మాత్రలు మొదటి 72 గంటల్లో మొదలుపెడితే మేలు ఎక్కువ. ఆ పెద్దావిడకి పోయింది ఆ మూడు రోజులే. పసరు వేయించడానికీ, తాయెత్తు కట్టించడానికీ ఆ రోజుల్ని ఖర్చు పెట్టొద్దని చేతులెత్తి అడుగుతున్నాను. షుగర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా ముందే చెప్పాలి. చెవిలోగానీ చెవి చుట్టూగానీ నీటి పొక్కులు, నొప్పి ఉంటే అదీ చూపించండి, దానికి వేరే మందు కలపాలి.

మూతి కంటే ముందు కాపాడాల్సింది కన్ను. రెప్ప మూతపడకపోతే నల్లగుడ్డు ఆరిపోయి పుండు పడే ప్రమాదం ఉంది. పగలు డాక్టరు రాసిన చుక్కలు, బయటికెళ్తే కళ్ళజోడు, రాత్రి ఆయింట్‌మెంట్ వేసి రెప్పని మెల్లిగా మూసి టేపు వేయాలి. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా కంటి డాక్టరుకి చూపించాల్సిందే.

వ్యాయామం సంగతి చివర్న చెప్పడానికి కారణం ఉంది. అందరూ దానితోనే మొదలుపెడతారు, అదీ బెలూన్లు ఊది, ముఖం బలవంతంగా ఈడ్చి. ముఖ కండరాలు చిన్నవి, వాటికి కావాల్సింది బలం కాదు, అదుపు. అద్దం ముందు కూర్చుని, బాగున్న పక్కని వేలితో కాస్త ఆపి, పడిన పక్కన చిన్న కదలిక మాత్రమే ప్రయత్నించాలి. నాలుగైదు సార్లు, మెల్లిగా, అలిసిపోకముందే ఆపేయాలి. నాడి తిరిగి పెరగాల్సి వస్తే అది రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. చాలామందికి వారాల్లోనే కదలిక మొదలవుతుంది, ఎక్కువమంది పూర్తిగా కోలుకుంటారు, కొందరికి నెలలు పడుతుంది. మూడు వారాలైనా ఏమాత్రం కదలిక రాకపోతే మళ్ళీ డాక్టరుకి చూపించాలి.

బలవంతం చేస్తే ఏమిటి నష్టం? తిరిగి పెరిగే నాడి పోగులు ఒక్కోసారి దారి తప్పి, కంటికి వెళ్ళాల్సింది మూతికీ, మూతికి వెళ్ళాల్సింది కంటికీ చేరతాయి. అప్పుడు నవ్వితే కన్ను ముడుచుకుంటుంది. గట్టి గట్టి కదలికలతో ఆ అలవాటు ఇంకా ముదురుతుంది. ఆ పెద్దావిడకి అయిదో నెలకి అన్నం చెంపలో ఆగడం పోయింది, నుదుటి మీద గీతలు తిరిగొచ్చాయి. నవ్వినప్పుడు ఎడమ కన్ను మాత్రం ఇప్పటికీ కొంచెం చిన్నదవుతుంది. దాని మీద ఇంకా పని చేస్తున్నాం.

ఎనిమిదో మెట్టు: ఈ రోజే ఒక వీడియో

ఇంతవరకూ చేసినవన్నీ ఒక్క నిమిషంలో ఫోనులో తీసి పెట్టుకోండి. ఫోను ముఖం ఎత్తున నిలువుగా ఆనించండి, నుదురూ గడ్డమూ రెండూ ఫ్రేములో పడాలి. వరసగా ముఖం కదపకుండా అయిదు సెకన్లు, బొమలు పైకి, బొమలు దగ్గరికి, కళ్ళు మెల్లిగా, కళ్ళు గట్టిగా, పళ్ళు కనిపించేలా నవ్వు, మూతి సున్నా, చెంపల నిండా గాలి, "పప్పు, బొబ్బట్టు, మామిడి." ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళవీ తీయండి, షుగరూ బీపీ ఉన్నవాళ్ళవి ముందు తీయండి. వీడియోకి పేరూ తారీఖూ పెట్టి, ఇంట్లో ఇంకొకరి ఫోనుకి కూడా పంపించి ఉంచండి.